గుండె బొమ్మ కదిలింది, పిల్లల జవాబులు మారలేదు

హైదరాబాద్‌లోని ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం బోధిస్తున్న స్కూల్ అసిస్టెంట్ ఒకరు సుదీర్ఘమైన ఉత్తరం రాశారు. తన పేరు, పాఠశాల పేరు ప్రచురించవద్దని కోరారు. ఆమె చెప్పిన విషయాలు సంక్షిప్తంగా ఇవి.

వేసవి సెలవుల్లో ఆమె పెన్సిల్ టూడీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో యానిమేషన్ నేర్చుకున్నారు. పాత లాప్‌టాప్‌లో మౌస్‌తోనే గీస్తూ, పదో తరగతి ప్రసరణ పాఠం కోసం గుండెలో రక్తం ప్రయాణించే తీరును రెండు నిమిషాల వీడియోగా తయారు చేశారు. నవ్వుముఖం ఉన్న ఒక రక్తపు చుక్క శరీరం నుంచి బయలుదేరి కుడి కర్ణిక (గుండె పై గది), కుడి జఠరిక (కింది గది), ఊపిరితిత్తులు, ఎడమ కర్ణిక, ఎడమ జఠరిక దాటి తిరిగి శరీరంలోకి వెళ్తుంది. ఇంగ్లిష్‌లో ఆమె వ్యాఖ్యానం వినిపిస్తూ ఉంటుంది, తెర మీద అవే వాక్యాలు కనిపిస్తూ ఉంటాయి, వెనుక సంగీతం ఉంటుంది. తరగతి గదిలోని డిజిటల్ ప్యానెల్ మీద వేసినప్పుడు పిల్లలు చప్పట్లు కొట్టి, "మేడం, ఇంకోసారి" అంటూ మళ్లీ మళ్లీ వేయించుకున్నారు. వారం తర్వాత ఖాళీ గుండె పటం ఇచ్చి రక్తం వెళ్లే దారిని బాణాలతో చూపమంటే సగానికి పైగా తప్పు గీశారు. గుండె ఎలా కొట్టుకుంటుందో రాయమంటే చాలామంది "ముందు కుడి వైపు కొట్టుకుంటుంది, తర్వాత ఎడమ వైపు కొట్టుకుంటుంది" అని రాశారు. ఏ యానిమేషనూ చూడని గత ఏడాది పిల్లలే నయమని ఆమెకు అనిపించింది.

ఈలోగా ప్రధానోపాధ్యాయురాలు ఆమెను పిలిచి, పదో తరగతి సిలబస్ వెనకబడుతోందని, బొమ్మలు మార్కులు తెచ్చిపెట్టవని చెప్పారు. వచ్చే ఏడాది పదవీ విరమణ చేయబోతున్న సీనియర్ జీవశాస్త్ర ఉపాధ్యాయుడు, బోర్డు మీద బొమ్మ వేయడంలో చుట్టుపక్కల పాఠశాలల్లో పేరున్న మనిషి, స్టాఫ్ రూములో అందరి ముందూ "సుద్దముక్క పట్టడం రానివాళ్లకే కంప్యూటర్ కావాలి" అన్నారు. మరోవైపు చుట్టుపక్కల బడుల ఉపాధ్యాయులు కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశంలో ఆ వీడియో చూసిన తోటి ఉపాధ్యాయులు, మిగతా పాఠాలన్నిటికీ ఇలాగే చేసి ఇవ్వమని పట్టుబడుతున్నారు. ఆమె రోజూ అర్ధరాత్రి దాకా గీస్తున్నారు. ఎనిమిదో తరగతి చదువుతున్న కొడుకు పుస్తకాలు తెరిచి చూసే తీరిక లేకపోతోంది. భర్త అభ్యంతరం చెప్పకపోగా కొత్త లాప్‌టాప్, బొమ్మలు గీసే పెన్ టాబ్లెట్ కొనిస్తానంటున్నారు. "ఇది పిల్లల కోసం చేస్తున్నానా, నా సరదా కోసం చేస్తున్నానా అన్న అనుమానం పట్టుకుంది. మానేయమంటారా, కొనసాగించమంటారా?" అని ఆమె ప్రశ్న.

సమాధానం:

మీ ఉత్తరంలో నాలుగైదు బాధలు ఒకదానితో ఒకటి చిక్కుపడి ఉన్నాయి. వాటన్నిటిలోకీ విలువైనది మీరు దాచుకోకుండా రాసిన ఆ పరీక్ష ఫలితం. పిల్లలు చప్పట్లు కొట్టిన రోజే ఆగిపోయి, పాఠం బాగా వెళ్లిందని సంతృప్తి పడే అవకాశం మీకు ఉంది. మీరు అలా చేయకుండా వారం తర్వాత ఖాళీ పటం చేతికిచ్చి చూశారు. సరదా కోసమే చేసేవారు ఆ పని చేయరు. అందువల్ల మీ ఆఖరి అనుమానాన్ని ముందుగానే పక్కన పెట్టి, ఆ జవాబు పత్రాలు ఏం చెబుతున్నాయో చూద్దాం. మిగిలిన చిక్కుముళ్లలో సగం అక్కడే వీడిపోతాయి.

గత ఏడాది పిల్లలతో పోలికను ప్రస్తుతానికి వదిలేయండి. వాళ్లు వేరే పిల్లలు, అప్పటి జవాబులు ఇప్పుడు మీ చేతిలో లేవు, జ్ఞాపకం మీద ఆధారపడి తీర్పు ఇవ్వడం మీకే అన్యాయం. కానీ "ముందు కుడి వైపు, తర్వాత ఎడమ వైపు" అన్న జవాబు మాత్రం ఎంతో చెబుతోంది. ఇది పాఠం వినని పిల్లల జవాబు అయితే ఒక్కొక్కరు ఒక్కో తీరుగా తప్పు రాసేవారు. ఇక్కడ చాలామంది ఒకే తప్పును ఒకే తీరుగా రాశారంటే, ఎవరో వాళ్లకు ఆ మాట స్పష్టంగా చూపించి ఉండాలి. చూపించింది మీ రక్తపు చుక్కే. అది ముందు కుడి వైపుకు వస్తుంది, అప్పుడు కుడి వైపు ముడుచుకుంటుంది. తర్వాత ఊపిరితిత్తులకు వెళ్లి ఎడమ వైపుకు వస్తుంది, అప్పుడు ఎడమ వైపు ముడుచుకుంటుంది. పిల్లలు చూసింది చూసినట్టే రాశారు. నిజానికి రెండు కర్ణికలూ ఒకేసారి సంకోచిస్తాయి, ఆ తర్వాత రెండు జఠరికలూ ఒకేసారి సంకోచిస్తాయి. ఒక చుక్క చేసే ప్రయాణం ఒక కథ, గుండె స్పందన మరో కథ. మీ వీడియో ఆ రెండింటినీ ఒకే బొమ్మలో చెప్పబోయింది. నల్లబల్ల మీద నిలిచి ఉండే బొమ్మలో ఈ పొరపాటుకు తావు తక్కువ, ఎందుకంటే అందులో కాలం ఉండదు. యానిమేషన్‌లో కాలం ఉంటుంది కనుక ఏది ముందు, ఏది తర్వాత, ఏవి రెండూ కలిసి జరుగుతాయి అన్న ప్రతి నిర్ణయాన్నీ పిల్లలు పాఠంగానే తీసుకుంటారు.

మీ పిల్లలు ఎంత శ్రద్ధగా చూశారో దీన్నిబట్టే తెలుస్తోంది. యానిమేషన్‌కు వాళ్ల మనసులో ఒక చిత్రాన్ని నాటే శక్తి ఉందనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు. నాటింది తప్పు చిత్రం కావడమే ఇబ్బంది, అది సరిదిద్దగలిగినదే.

బాణాలు తప్పడానికి కారణం వేరే ఉండవచ్చు. పటంలో మన ఎడమ చేతి వైపు కనిపించేది గుండె కుడి భాగం. ఇది మనకు అలవాటై గుర్తుకే రాదు గానీ, మొదటిసారి చూసే పిల్లవాడికి పెద్ద చిక్కు. దానికి తోడు ధమనుల్లో మంచి రక్తం, సిరల్లో చెడు రక్తం అని కింది తరగతుల నుంచీ వింటూ వచ్చినవాడికి, గుండె నుంచి ఊపిరితిత్తులకు వెళ్లే పుపుస ధమనిలో ఆక్సిజన్ తక్కువగా ఉన్న రక్తం వెళ్తుందంటే ఒక పట్టాన మింగుడుపడదు. మీరు బహుశా వాడుక ప్రకారం నీలం, ఎరుపు రంగులు వేసి ఉంటారు. ఆ నీలం పుస్తకాల సంప్రదాయం మాత్రమేనని, మన ఒంట్లో ఏ రక్తమూ నీలంగా ఉండదని, ఆక్సిజన్ తగ్గిన రక్తం ముదురు ఎరుపులో ఉంటుందని చెప్పారో లేదో కూడా ఒకసారి గుర్తు చేసుకోండి.

ఇక వీడియో నడక గురించి. కదిలే బొమ్మ కంటి ముందు నిలవదు. రక్తం వెనక్కి రాకుండా తలుపులా మూసుకునే కవాటం ఒకటి ఎక్కడుందో పిల్లవాడు వెతుక్కునేలోగా చుక్క మూడు గదులు దాటిపోతుంది. స్టాన్‌ఫర్డ్‌లో పనిచేసిన మనస్తత్వ శాస్త్రవేత్త బార్బరా ట్వెర్‌స్కీ, ఆమె సహచరులు 2002లో అప్పటి వరకు జరిగిన అధ్యయనాలను సమీక్షించి, స్థిరమైన బొమ్మల కంటే యానిమేషన్ మేలని చెప్పిన చోట్ల చాలా వరకు ఆ యానిమేషన్‌లో అదనపు సమాచారమో, అభ్యాసకుడు తానే నడుపుకునే వీలో ఉండటమే అసలు కారణమని తేల్చారు. మల్టీమీడియా బోధనపై దశాబ్దాలుగా పరిశోధిస్తున్న రిచర్డ్ మేయర్ చెప్పేదీ మీకు పనికొస్తుంది. బొమ్మను చిన్న భాగాలుగా విడగొట్టి ఆపుతూ చూపాలి, పాఠానికి సంబంధం లేని అలంకారాలు తీసేయాలి, నోటితో చెప్పే వాక్యాన్నే తెర మీద కూడా పెట్టకూడదు. చదవాలో, వినాలో, బొమ్మ చూడాలో తేల్చుకోలేక పిల్లవాడి దృష్టి చెదిరిపోతుంది. నవ్వుముఖం మీద మీకు ఎంత ముచ్చట ఉన్నా, తరగతి అంతా చూసింది ఆ ముఖాన్నే తప్ప కవాటాన్ని కాదు.

వ్యాఖ్యానం పూర్తిగా తీసేయమని నేను గట్టిగా చెబుతాను. 2022-23 నుంచి ప్రభుత్వ పాఠశాలల్లో ఇంగ్లిష్ మాధ్యమం మొదలైంది, పుస్తకం రెండు భాషల్లో ఉంది, హైదరాబాద్ తరగతి గదిలో ఇంట్లో తెలుగు మాట్లాడేవారూ ఉర్దూ మాట్లాడేవారూ పక్కపక్కనే కూర్చుంటారు. రికార్డు చేసిన గొంతు ఒక్క భాషలో, ఒక్క వేగంతో పోతుంది. బొమ్మ మౌనంగా ఉండి, మాట మీ నోటి నుంచి వస్తే, ఎదుట ముఖం చూసి తెలుగులోకి మారవచ్చు, అవసరమైన చోట ఆపవచ్చు, "ఇప్పుడు ఏ కవాటం మూసుకోవాలి?" అని అడిగి జవాబు వచ్చేదాకా ఆగవచ్చు.

ముందుకు ఏ దారి ఎంచుకున్నా, ఒక పని మాత్రం వెంటనే చేయండి. ఆ పిల్లల మనసులో ఉన్న తప్పును మరో పాఠం మీద పడకముందే ఒక పీరియడ్‌లో సరిదిద్దండి. ఇందుకు కొత్త వీడియో అవసరం లేదు, ఎనిమిది ఫ్రేములు, అంటే వరుసగా చూపే ఎనిమిది విడి బొమ్మలు చాలు. నిమిషానికి 72 సార్లు కొట్టుకునే గుండెలో ఒక స్పందనకు దాదాపు 0.8 సెకను పడుతుంది. అందులో కర్ణికల సంకోచం సుమారు 0.1 సెకను, జఠరికల సంకోచం సుమారు 0.3 సెకను, మిగిలిన 0.4 సెకను మొత్తం గుండెకు విశ్రాంతి. పెన్సిల్ టూడీలో వేగాన్ని సెకనుకు 10 ఫ్రేములుగా పెట్టుకుంటే లెక్క చక్కగా కుదురుతుంది. మొదటి ఫ్రేములో కర్ణికలు రెండూ ముడుచుకుంటాయి. రెండు, మూడు, నాలుగు ఫ్రేముల్లో జఠరికలు రెండూ ముడుచుకుంటాయి. అయిదు నుంచి ఎనిమిది దాకా అన్నీ సడలి ఉంటాయి. రెండో ఫ్రేములో కర్ణికలకూ జఠరికలకూ మధ్య ఉన్న ద్విపత్ర, త్రిపత్ర కవాటాలు మూసుకుని మొదటి శబ్దం వస్తుంది, అయిదో ఫ్రేములో జఠరికల నుంచి బయటికి వెళ్లే ధమనుల మొదట్లో ఉన్న అర్ధచంద్రాకార కవాటాలు మూసుకుని రెండో శబ్దం వస్తుంది. నిజంగా వేర్వేరుగా గీయాల్సినవి మూడే బొమ్మలు, మిగిలినవి వాటి నకళ్లు.

దీన్ని ముందు అసలు వేగంతో చూపండి. ఎవరికీ ఏమీ అందదు, అది వాళ్లే గమనిస్తారు. తర్వాత వేగాన్ని సెకనుకు 2 ఫ్రేములకు తగ్గించండి, స్పందన నాలుగు సెకన్లకు సాగుతుంది. తరగతి అంతా ఒకటి నుంచి ఎనిమిది దాకా లెక్కపెడుతూ, రెండు దగ్గర ఒకసారి, అయిదు దగ్గర ఒకసారి బల్ల మీద చేత్తో తట్టాలి. ఆ రెండు తట్లు వాళ్లు రోజూ తమ ఛాతీలో మోసుకు తిరిగే లబ్, డబ్ అని చెప్పినప్పుడు, కుడి ముందా ఎడమ ముందా అన్న ప్రశ్నకు మీరు జవాబు చెప్పనక్కర్లేదు. చుక్క ప్రయాణాన్ని వేరే బొమ్మగా, గుండె కొట్టుకోవడం లేకుండా, గదికో ఆగుడుతో చూపించి, మళ్లీ అదే ఖాళీ పటం ఇవ్వండి. మొదటి పత్రాలు పారేయకండి, వాటితో తర్వాత పని ఉంది.

ఇప్పుడు మానాలా, కొనసాగించాలా అన్న ప్రశ్న. మీ ముందు ఉన్నవి రెండు దారులు మాత్రమే కావు.

ఈ ఏడాదికి ఆపేయడం గౌరవమైన నిర్ణయమే. సాయంత్రాలు మీకు తిరిగి వస్తాయి, మార్చి పరీక్షల దాకా ప్రధానోపాధ్యాయురాలికి మాట అనే అవకాశం ఉండదు, నేర్చుకున్న విద్య ఎక్కడికీ పోదు. కదిలే బొమ్మలు బొత్తిగా లేకుండా పోతాయన్న బెంగ కూడా అక్కర్లేదు. తెలంగాణ ప్రభుత్వ విద్యా చానల్ టీ-శాట్ పాఠాలున్నాయి, 2017లో మొదలైన కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ పాఠాల వేదిక దీక్షాలో వీడియోలున్నాయి. వాటిని శబ్దం ఆపేసి, మీ మాటలతో, మీకు కావలసిన ముప్పై సెకన్లు మాత్రమే చూపించవచ్చు. అయితే మీ తరగతి పిల్లలు ఏ తప్పు రాశారో ఆ వీడియోలు చేసినవారికి తెలియదు, మీకు తెలుసు. ఆపేస్తే పోయేది ఆ ఒక్కటే, కానీ అది చిన్న నష్టం కాదు.

రెండో దారి, కొనసాగిస్తూనే పనిని బాగా చిన్నది చేసుకోవడం. నా మొగ్గు ఇటు వైపు. సినిమా సెకనుకు 24 ఫ్రేములతో నడుస్తుంది, చేత్తో గీసే యానిమేషన్‌లో చాలా చోట్ల సెకనుకు 12 బొమ్మలతో సరిపెట్టుకుంటారు. ఆ లెక్కన ఒక్క నిమిషానికే 720 బొమ్మలు. రెండు నిమిషాల కథ చెప్పాలనుకున్న రోజే మీ అర్ధరాత్రులు ఖరారయ్యాయి. పది సెకన్లకు లోపు, తిరిగి తిరిగి ఆడే బొమ్మ ఒక్కటి, పాఠంలో ఒక్క ప్రశ్నకు జవాబుగా ఉంటే ఒక సాయంత్రంలో ముగుస్తుంది. పాఠం మొత్తం దానితో చెప్పాలన్న ఆశ వదులుకోవాలి. బయటివారికి చూపించడానికి అది అంత అందంగా ఉండదు, కాంప్లెక్స్ సమావేశంలో చప్పట్లు రాకపోవచ్చు. ఆ మేరకు మనసు సిద్ధం చేసుకోవాలి.

ఏ పాఠానికి బొమ్మ కదలాలి, దేనికి కదలనక్కర్లేదు అన్న వివేచన ఇక్కడ ముఖ్యం. ఒకేసారి జరిగేవి, కంటికి అందనంత వేగంగా జరిగేవి, లోపల దాగి జరిగేవి యానిమేషన్‌కు తగినవి. గుండె స్పందన అటువంటిది, వేడి తగలగానే చెయ్యి దానంతటదే వెనక్కి లాగేసుకునేలా వెన్నుపాము గుండా సాగే ప్రతీకార చర్య అటువంటిది. అనువంశికతలో మెండల్ బఠానీల లెక్క గళ్ల పట్టికలో పిల్లలు తమ చేత్తో నింపితేనే వస్తుంది, దాన్ని కదిలిస్తే గందరగోళమే. పర్యావరణం పాఠానికి పాఠశాల ప్రహరీ పక్కన ఉన్న చెట్టు చాలు. ఉచ్ఛ్వాస నిశ్వాసలకు ప్లాస్టిక్ సీసా, రెండు బెలూన్లతో చేసే నమూనా ముందు ఎంత గొప్ప యానిమేషన్ అయినా వెలవెలబోతుంది, ఎందుకంటే అక్కడ బెలూన్ లాగేది పిల్లవాడి చెయ్యి. ఆహారవాహిక గోడలు అలలా ముడుచుకుంటూ ముద్దను కిందికి నెట్టే పెరిస్టాల్టిక్ చలనాన్ని కూడా నూనె రాసిన చిన్న బంగాళాదుంపను పాత సైకిల్ ట్యూబులో పెట్టి నొక్కించి చూపవచ్చు. కణం రెండుగా చీలే సమవిభజన విషయంలో మాత్రం నాకు స్థిరమైన బొమ్మలే మేలనిపిస్తుంది. దశల బొమ్మలు కత్తిరించి, కలగలిపి ఇచ్చి, వరుసలో పెట్టమంటే పిల్లలు క్రోమోజోములను నిజంగా పరిశీలిస్తారు. ఇలా ఏరుకుంటూ పోతే ఏడాది మొత్తానికి మీరు గీయవలసినవి వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని మిగులుతాయి.

మూడో దారి, బొమ్మను పిల్లల చేతికి ఇవ్వడం. కాగితాల మూల పట్టుకుని గబగబా వదిలితే బొమ్మ కదిలే చిన్న పుస్తకాన్ని మీరు చూసే ఉంటారు. 1868లో ఇంగ్లండ్‌లో జాన్ బార్న్స్ లిన్నెట్ పేటెంట్ తీసుకున్న వస్తువు అది, కరెంటు అక్కర్లేదు. ఎనిమిది ఫ్రేముల గుండెను నాలుగైదు సార్లు నకలు వేసి కుట్టుకుంటే పుస్తకం తయారవుతుంది. మీ కంప్యూటర్ గదిలో పనిచేసే యంత్రాలు కొన్నయినా ఉంటే స్క్రాచ్ వాడవచ్చు. అది ఎంఐటీ మీడియా ల్యాబ్ 2007లో విడుదల చేసిన, పిల్లలు ప్రోగ్రాములు తయారుచేసుకునే ఉచిత సాధనం, ఇంటర్నెట్ లేకుండా కూడా నడుస్తుంది, మీట నొక్కితే ఒక్కో ఫ్రేము మారేలా పిల్లలే అమర్చుకోవచ్చు. గీసేవాడు తప్పించుకోలేని ప్రశ్నలు చూసేవాడికి ఎదురుకావు. నాలుగో ఫ్రేములో కవాటం తెరిచి ఉండాలా, మూసి ఉండాలా అని పెన్సిల్ పట్టుకున్న పిల్లవాడు తేల్చుకోక తప్పదు. ఈ దారిలో బాధలూ ఉన్నాయి. సమయం ఎక్కువ పడుతుంది, గది గోలగా ఉంటుంది, బొమ్మలు వంకరగా వస్తాయి. అందుకే దీన్ని పదో తరగతిలో మొదలుపెట్టవద్దు. తొమ్మిదో తరగతితో, శనివారం ఆఖరి పీరియడ్‌లో, ఒక్క బొమ్మతో మొదలుపెడితే ఎవరికీ అభ్యంతరం ఉండదు.

సీనియర్ ఉపాధ్యాయుడి మాట మీకు గుచ్చుకుంది. అందరి ముందూ అనడం ఆయన తప్పు, దాన్ని తేలిక చేసి చెప్పను. కానీ ఆయన విద్యను ఆ మాట నుంచి వేరు చేసి చూడగలిగితే మీకు లాభం. బోర్డు మీద బొమ్మ ఒక్కసారిగా ప్రత్యక్షం కాదు. ముందు బయటి గీత, తర్వాత మధ్య గోడ, తర్వాత అడ్డంగా కవాటాలు, ఆ పైన నాళాలు ఒక్కొక్కటిగా పుడతాయి. ఆయన చెయ్యి ఆగినప్పుడు పిల్లవాడి చెయ్యి కూడా నోటుబుక్కులో ఆగుతుంది. ఏది ముందు గీయాలో, ఎక్కడ ఆగాలో, ఎంతసేపు ఆగాలో ఆయనకు ముప్పై ఏళ్ల తరగతి నేర్పి ఉంటుంది. మీ వీడియోలో లేనిది సరిగ్గా అదే. ఏకాంతంగా ఉన్నప్పుడు ఆయన దగ్గరికి వెళ్లి, "సార్, గుండె బొమ్మ మీరు ఏ వరుసలో వేస్తారో ఒకసారి వేసి చూపండి, మా పిల్లలు ఇక్కడ తప్పు చేస్తున్నారు" అని ఆ జవాబు పత్రాలు ముందుంచండి. ఒప్పుకుంటే, ఆయన గీస్తుండగా బోర్డుకు ఎదురుగా ఫోను నిలబెట్టి, గీత గీతకూ ఒక ఫొటో తీసుకోండి. ఆ ఫొటోలను పెన్సిల్ టూడీలోకి వరుసగా తెచ్చుకుంటే ఆయన బొమ్మే కదులుతుంది. ఒప్పుకోకపోవచ్చు, మరో మాట అనవచ్చు కూడా. అప్పుడు మీరు పోగొట్టుకునేది ఏమీ లేదు, తరగతి వెనుక బల్ల మీద కూర్చుని ఆయన పాఠం ఒకటి చూడటానికి అనుమతి అడగండి చాలు. స్టాఫ్ రూములో ఆ మాటకు బదులు చెప్పాలా అంటే, నేనైతే వద్దంటాను. అందరి ముందు బదులు చెబితే వచ్చే ఏడాది దాకా అది రెండు వర్గాల తగువు అవుతుంది.

ప్రధానోపాధ్యాయురాలి ఇబ్బంది వేరు. పదో తరగతి ఫలితాలకు పై అధికారుల ముందు నిలబడి జవాబు చెప్పేది ఆమె. యానిమేషన్ గొప్పతనం గురించి మీరు ఎంత చెప్పినా ఆమె చెవికి ఎక్కదు, ఎన్ని పీరియడ్లు పట్టిందన్నది ఎక్కుతుంది. అందుకే దాచమన్న పత్రాలు. మొదటి ఖాళీ పటాలు, సరిదిద్దాక రాసిన పటాలు పక్కపక్కన పెట్టి, ఇందుకు ఒక్క పీరియడ్ పట్టిందని, ఇకపై ఏ పాఠంలోనూ బొమ్మకు అయిదు నిమిషాలకు మించి తీసుకోనని చెప్పండి. రెండో పత్రాలు కూడా బాగా లేకపోతే వాటినీ తీసుకువెళ్లండి. నిజం చెప్పే ఉపాధ్యాయుల మీద ప్రధానోపాధ్యాయులకు నమ్మకం పెరుగుతుంది. మీరు రెండు సెక్షన్లకు చెబుతున్నట్లయితే, ఒక పాఠంలో ఒక సెక్షన్‌కు కదిలే బొమ్మ, మరో సెక్షన్‌కు బోర్డు బొమ్మ, తర్వాతి పాఠంలో తారుమారు చేసి చూడండి. ఎవరికీ అన్యాయం జరగదు, మీకూ తేడా తెలుస్తుంది. ఈ పోలికలోకి సీనియర్ సార్ సెక్షన్‌ను మాత్రం లాగకండి, అది పోటీగా మారిపోతుంది.

కాంప్లెక్స్ వారి కోరికకు సరేనంటే పేరు వస్తుంది, రేపు రాష్ట్ర స్థాయి శిక్షణలకు పిలుపు రావచ్చు. కానీ సిలబస్ మొత్తం గడువు లోపల చేయాలంటే పరీక్షించే తీరిక ఉండదు, ఇప్పుడు మీ తరగతిలో జరిగిన తప్పు పదిహేను బడుల్లో జరుగుతుంది. పూర్తిగా కాదనడం కూడా బాగుండదు. సరిదిద్దిన ఎనిమిది ఫ్రేముల గుండె ఒక్కటి ఇచ్చి, "మీ పిల్లలకు ఖాళీ పటం ఇచ్చి ఫలితం నాకు చెప్పండి, మిగతా పాఠాలు ఒక్కొక్కరం ఒకటి పంచుకుందాం" అనండి. ముందుకు వచ్చేవారు ఎందరో అప్పుడే తేలిపోతుంది. ఇచ్చేటప్పుడు వీడియోతో పాటు విడి ఫ్రేములను కూడా బొమ్మల ఫైళ్లుగా ఇవ్వండి. యానిమేషన్ పాఠాలను ఆడించే ఫ్లాష్ అనే సాఫ్ట్‌వేర్‌కు 2020 డిసెంబర్ 31తో మద్దతు ఆగిపోయాక, అంతకు ముందు ఎంతో కష్టపడి చేసిన డిజిటల్ పాఠాలు సీడీల్లోనే మూగబోయాయి. వీడియో ఎంపీ4గా, బొమ్మలు పీఎన్‌జీగా ఉంటే ప్యానెల్ మీద పెన్ డ్రైవ్ పెట్టినా ఆడుతుంది, ఏదీ ఆడని చోట అచ్చు తీసి గోడకు అంటించవచ్చు.

కొనుగోలు విషయంలో ఈ ఏడాది చేయి బిగబట్టమనే నా సలహా. చిన్న బొమ్మలకు పాత లాప్‌టాప్ సరిపోతుంది. మౌస్‌తో గీయడం కష్టంగా ఉంటే తెల్లకాగితం మీద పెన్సిల్‌తో గీసి ఫోనుతో ఫొటో తీయండి, వెనుకటి బొమ్మ లీలగా కనిపించే ఆనియన్ స్కిన్ సౌకర్యం ఆ ఫొటోల మీద కూడా పనిచేస్తుంది. నెలనెలా డబ్బు కట్టే ఆన్‌లైన్ యానిమేషన్ సేవల జోలికి వెళ్లవద్దు. ఉచితంగా వాడితే చాలావాటిలో తెర మూల వాళ్ల ముద్ర పడుతుంది, నెట్ లేని రోజున పని ఆగిపోతుంది. మధ్య ఫ్రేములు కంప్యూటరే పూరించాలనిపించినప్పుడు సిన్‌ఫిగ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, నేర్చుకోవడానికి కొంచెం ఓపిక కావాలి. పెన్ టాబ్లెట్ కావాలని వేసవికి కూడా అనిపిస్తే, సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లి, చిన్నది, పాతదైనా సరే, అక్కడే మీ లాప్‌టాప్‌కు తగిలించి గీసి చూశాక కొనండి.

ఇంటి సంగతికి వస్తే, మీవారు అడ్డు చెప్పకపోవడం మంచి విషయమే గానీ, మీ అబ్బాయి ఏమంటున్నాడో మీరు రాయలేదు. బొమ్మల పనికి వారంలో రెండు సాయంత్రాలు కేటాయించి, రాత్రి తొమ్మిదిన్నరకు లాప్‌టాప్ మూసేయండి. మిగిలిన సాయంత్రాలు అతని పుస్తకాలకు ఇవ్వండి. ఎనిమిదో తరగతి పిల్లవాడు మీ పాఠానికి మొదటి ప్రేక్షకుడిగా కూడా పనికొస్తాడు. శబ్దం లేకుండా బొమ్మ వేసి, ఏం జరుగుతోందో అతన్నే చెప్పమనండి. మీరు చెప్పదలచుకున్నదే అతను చెబితే మరునాడు తరగతికి తీసుకువెళ్లండి, వేరే ఏదైనా చెబితే ఆ ఫ్రేము మార్చండి.